బత్తాయికి పొడిచిన సూది

మా అమ్మాయికి జీడిపప్పు పడదు. మూడేళ్లప్పుడు ఓ పెళ్లిలో రెండు పలుకులు తిని, మొహం వాచి, ఊపిరాడక మమ్మల్ని హడలగొట్టింది. డాక్టరుగారు రాసిచ్చిన ఇంజెక్షన్ అప్పటినుంచి నా హ్యాండ్‌బ్యాగులోనే. అవసరమైతే ఏ కాంపౌండరో చేస్తాడని నా ధీమా. బ్యాగేమో నాతో ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో, పిల్లేమో క్రెష్‌లో.

ఆ క్రెష్ నడిపేది రిటైరైన టీచరుగారు. చేర్చిన రోజే తేల్చి చెప్పారు.

"మందు ఇక్కడ పెడితేనే పిల్లని ఉంచుకుంటానండి. ఎలా వెయ్యాలో కూడా నాకు నేర్పించాలి."

అంతకుముందు రెండు చోట్ల మాకెందుకండీ బాధ్యత అని పంపేశారు. ఈవిడ బాధ్యత కావాలని పేచీ పెడుతున్నారు! నాకు ఒళ్లు మండింది. సుద్దముక్క పట్టిన చెయ్యి సూది పడుతుందా అని మా ఆయన దగ్గర వెటకారమాడాను కూడా. వేరే దారి లేక మందు అక్కడే పెట్టాను.

ఆవిడ ఆస్పత్రిలో నర్సు దగ్గర కూర్చుని, బత్తాయికి నీళ్ల సూది పొడిచి పొడిచి నేర్చుకున్నారు. క్రెష్‌లో పనిచేసే ఆయమ్మ చేతా పొడిపించారు. నెలకోసారి ఇద్దరికీ మళ్లీ బత్తాయి పరీక్ష.

ఓసారి మా ఆడపడుచు ఆత్రేయపురం నుంచి జీడిపప్పు పూతరేకులు తెచ్చింది. పిల్ల ఒకటే ఏడుపు. ఒకదాన్ని మెల్లగా విప్పి, పలుకులన్నీ ఏరేసి, మళ్లీ మడిచి పిల్ల టిఫిన్ డబ్బాలో పెట్టాను. చారులో కరివేపాకు ఏరినట్టే అనుకున్నాను. రేకుల మధ్య పప్పు పొడి అంటుకుని ఉంటుందన్న ఇంగితం లేకపోయింది. గేటు దగ్గర టీచరుగారు రోజూలాగే అడిగితే, "జీడిపప్పు లేదండి" అన్నాను.

పదకొండింటికి ఆఫీసుకి ఫోను. సూది వేసేశారట, ఆటోలో ఆస్పత్రికి వెళ్తున్నారట.

నేను పరుగెత్తుకెళ్లేసరికి పిల్ల ఆవిడ ఒళ్లో ఉంది. పెదాలు ఇంకా వాచే ఉన్నాయి. నన్ను చూసి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నా ప్రాణం లేచొచ్చింది. ఇక్కడికొచ్చేదాకా ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్లమన్నారు డాక్టరుగారు. అప్పుడు గానీ టీచరుగారు పిల్లని నా చేతికివ్వలేదు.

ఆవిడకి పూతరేకు సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రేపొచ్చేటప్పుడు ఇంకో మందు తెండమ్మా. డబ్బా ఖాళీ అయింది" అన్నారు, అంతే.

మర్నాడు మందుతో పాటు ఒక బత్తాయి కూడా పట్టుకెళ్లాను.

"నాకూ నేర్పండి టీచరుగారూ" అన్నాను.