పర్దా, గిర్దావరు, బుక్కెడు

మా ఇంటికి తాబేళ్లు కూర కోసమే వచ్చాయి. ఆసిఫాబాద్‌లో మేమున్న అద్దె ఇంటికి వారం వారం కట్టెల మోపు తెచ్చే ఆమె ఒకరోజు గంపలో మూడు మెట్ట తాబేళ్లను కూడా తెచ్చి వాకిట్లో దించింది. "వండుకోండ్రి, పానానికి మంచిది" అన్నది. మా బాపు బడి పంతులు. ఇంట్లో కోడిని కోస్తుంటే అటు తిరిగి కూర్చునే మనిషి. ఆయన గంపలోకి చూశాడు, గంపను పట్టుకుని ఏడుస్తున్న నన్ను చూశాడు, "ఉండనియ్యి తీ" అన్నాడు. అంతే, అవి మా సొంతమయ్యాయి. హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు అది. నాకు తొమ్మిదేళ్లు.

మా నాయినమ్మకు మాత్రం అవి వచ్చిన ఘడియ నుంచే గుండెలో దడ. తాబేలు ఇంట్లో చొరబడితే ఆ ఇల్లు పాడుబడుతుందని ఆమె నమ్మకం. "పెరట్ల ఉంటే ఉండనీ. గడప దాటినయంటే మాత్రం నేనూకోను బిడ్డా" అని నాతో ఒట్టు వేయించుకుంది. ఆమెను తప్పు పట్టలేను. నన్ను కన్న మా అవ్వకు నా తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టి పోయారు. ఇద్దరినీ ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి, చుట్టాలను పిలిచి, ముచ్చటైన పేర్లు పెట్టారు. పేరు పెట్టిన నెల తిరక్కుండానే ఇద్దరూ పోయారు. మంచి పేరు పెడితే అది విన్నవాడు వచ్చి పిలుచుకుపోతున్నాడని నాయినమ్మ తేల్చేసింది. ఆ వినేవాడు ఎవడో ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లనే నాకు మరింత భయమేసేది.

అప్పటికి అవ్వకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈసారి పుట్టేవాళ్లకు అసలు పేరే పెట్టొద్దని ఇంట్లో గుసగుసలుగా అనుకుంటున్నారు. నేనేమో పెరట్లో చతికిలబడి తాబేళ్లకు పేర్లు వెతుకుతున్నాను. వీటికేం భయం, మీద చిప్ప ఉంది కదా అనుకున్నాను.

మొదట్లో మూడూ ఒక్కతీరుగానే కనబడేవి, నల్లటి చిప్పల మీద పసుపు గీతలతో. పది రోజులు చూస్తే తెలిసింది, మూడూ మూడు రకాల మనుషులని. అన్నిటికన్నా పెద్దది పొద్దు పొడవగానే దడి వెంబడి నడక మొదలుపెట్టేది. పెరడంతా చుట్టి వచ్చేదాకా ఆగేది కాదు. దారిలో కట్టె అడ్డముంటే పక్కకు తప్పుకోదు, నెట్టి నెట్టి కట్టెనే జరుపుతుంది. ఊళ్ల మీదికి పంటలు, హద్దులు చూడటానికి వచ్చే గిర్దావరు కూడా అట్లాగే పొలం గట్ల వెంబడి తిరుగుతాడు. "గిర్దావరు సాబు బయలెల్లిండు, జరుగుండ్రి" అని బాపు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ పేరే ఖాయమైంది.

రెండోదానికి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. దోసకాయ తొక్కలు, తోటకూర కాడలు, రాలిన ఇప్పపువ్వు, ఏదైనా సరే. గోరింటాకు పెట్టుకున్న నా కాలి బొటనవేలిని ఏ పండనుకుందో ఏమో, ఒకసారి గట్టిగా కొరికింది. ఎప్పుడూ నోటినిండా ముద్ద ఉండాలి కాబట్టి అది బుక్కెడు.

మూడోదాని మొహం పదిహేను రోజుల దాకా నేను చూడనేలేదు. మనిషి నీడ పడితే చాలు, ఫుస్సుమని తల లోపలికి లాక్కునేది. ముందు కాళ్లు రెండూ తలుపు రెక్కల్లా మూసుకునేది. ఆ రోజుల్లో మా వీధిలో పరదాలు కట్టిన బండ్లు పోతుండేవి. లోపల ఆడవాళ్లుంటారు, గాజుల చప్పుడు తప్ప ఏమీ తెలియదు. అందుకని దానికి పర్దా అని పేరు పెట్టాను. రోజూ బడి నుంచి వచ్చి దాని ముందు ఒక ఇప్పపువ్వు పెట్టి, గోటితో నేలమీద మూడుసార్లు తట్టి, "పర్దా, పర్దా" అని పిలిచి, ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ముందు ముక్కు వచ్చింది. తర్వాత తడిగా, నల్లగా ఒక కన్ను. నేను కదల్లేదు. అది పువ్వును తినకుండా చాలాసేపు నన్నే చూసింది. నన్ను చూసి భయపడే ప్రాణి కూడా ఒకటి ఉందని, ఆ భయాన్ని నేను పోగొట్టగలిగానని నాకు ఎంత గర్వమో.

ఆ తర్వాత నా తట్టుకే వచ్చేది. బాపు తడితే రాదు, అవ్వ తడితే రాదు. వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీసే నాయినమ్మ ఇదంతా చూస్తుండేది. "గదేందే, నువ్వు పిలిస్తెనే తలకాయ బయట వెడ్తది? నీ సుట్టమా ఏంది?" అని నవ్వేది. ఆమె నవ్వడమే అరుదు. నేను నాయినమ్మ కోసం ఆ ఆటను మళ్లీ మళ్లీ ఆడి చూపించేదాన్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో తమ్ముడు పుట్టాడు. పుట్టిన పూటే వాణ్ణి పాత చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి ముసలామె దారిన పోతున్నట్టు పోయి, "అయ్యో, ఎవలో పారేసిపోయిండ్రు" అని వాణ్ణి ఎత్తుకుంది. మా నాయినమ్మ ఆమెకు దోసెడు తవుడు ఇచ్చి వాణ్ణి కొనుక్కుంది. ఇట్లా చేస్తే వీడు ఎవరికీ అక్కరలేనివాడనుకుని ఆ వినేవాడు వదిలేసిపోతాడట. తొట్టెల పండుగ లేదు, పేరు లేదు. అందరూ పెంటోడు అన్నారు. ముద్దు వచ్చినా ఎవరూ ముద్దని అనలేదు. వాడు నవ్వితే నాయినమ్మ మొహం పక్కకు తిప్పుకునేది.

కానీ అవ్వ మనసు ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం నేను తలుపు చాటున ఉన్నానని తెలియక, పాలు తాగుతున్న వాడి చెవి దగ్గర వంగి ఒక పేరు చెప్పింది. ఒకే ఒక్కసారి. చెప్పి, దిగ్గున తల ఎత్తి అటూ ఇటూ చూసింది. ఎంత మంచి పేరు అది! నా నోట్లో పడ్డ నిప్పులా ఉండేది. అన్నం తింటుంటే నాలుక మీదికి వచ్చేది. నిద్రలో పలవరిస్తానేమోనని నోట్లో దుప్పటి కొస కుక్కుకుని పడుకునేదాన్ని. నా నోట వచ్చిందంటే ఆ వినేవాడు వింటాడు, వచ్చి తమ్ముణ్ణి తీసుకుపోతాడు.

ఆ బరువును దింపుకోవడానికి నేనొక ఉపాయం చేశాను. గిర్దావరు పక్కన బోర్లా పడుకుని, తొట్టెల పండుగలో మేనత్త చెప్పినట్టే, ఆ పేరును మూడుసార్లు దాని చెవి ఉండే చోట చెప్పాను. ఇక ఎవడైనా వచ్చి ఆ పేరుతో పిలిస్తే గిర్దావరే తల తిప్పాలి. దాని చిప్పను ఎవడేం చేయగలడు? తొమ్మిదేళ్ల బుర్రకు అది పెద్ద తెలివిగా తోచింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వానలు మొదలయ్యాయి. బాపు ట్రైనింగు కోసం కరీంనగర్ పోయాడు. ఆయన పోయిన నాలుగో నాడు ముసురు పట్టింది. తమ్ముడికి దగ్గు మొదలైంది. దవాఖాన నుంచి తెచ్చిన మందు తాపినా తగ్గలేదు. ఆరో నాటికి డొక్కలు ఎగరేయసాగాడు. ఏడుపు కూడా రావడం లేదు, పిల్లికూత లాంటి చప్పుడు తప్ప. రైలు స్టేషనుకు పోయే దారిలో వాగు పొంగింది. బాపు రాలేడు, మేము పోలేము. అవ్వ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, ప్రతి ఊపిరికీ తనూ ఊపిరి పీలుస్తూ కూర్చుంది. నేను గంటకోసారి పెరట్లోకి ఉరికి గిర్దావరును చూసి వచ్చేదాన్ని. అది వానలో కూడా నడుస్తూనే ఉంది. అది నడిచినంతసేపూ వాడికేం కాదని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ మధ్యాహ్నం నాయినమ్మ మందులాయనను పిలిపించింది. ఊళ్లో చెట్ల మందులిచ్చే ముసలాయన. తమ్ముడి డొక్క మీద చెయ్యి పెట్టి చూసి, పెరట్లోకి చూసి, "మందు మీ ఇంట్లనే ఉన్నది గదా పెద్దమ్మా" అన్నాడు. మెట్ట తాబేలు చిప్పను కాల్చి, ఆ బూడిదను తేనెలో రంగరించి నాకించాలట. చిప్ప పగలొద్దట, నిండుగా ఉండాలట. "గా పెద్దది తెండ్రి" అని గిర్దావరు వైపు చెయ్యి చూపించాడు.

నేను పోయి దాని మీద పడ్డాను. "దాన్ని చంపొద్దు! దానికి తమ్ముని పేరు వెట్టిన!" అని అరిచాను.

లోపల అవ్వ తల ఎత్తి నన్ను చూసింది. ఆ పేరు నేను విన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. నాయినమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "ఎంత పని జేసినవే," అని, మందులాయనతో, "అది వద్దు. గా పేరున్నదాన్ని ముట్టద్దు. ఇంకోటి తియ్యి" అన్నది. నా వైపు తిరిగి, "రెండింట్ల ఏదియ్యాల్నో నువ్వే జెప్పు బిడ్డా. జల్ది జెప్పు. పోరడు ఆగేటట్టు లేడు" అన్నది.

ఏదియ్యాలి? బుక్కెడైతే తిండి ఆశకు ఎవరు పిలిచినా మెడ చాచుతుంది. పర్దా అయితే ఛస్తే తల బయట పెట్టదు. చిప్ప పగలకూడదని ఆయనే అన్నాడు కదా. సాయంత్రం దాకా కూర్చుని, విసిగి, పోతాడు. అందరూ బతుకుతారు. నా లెక్క అది. నేను పర్దాను చూపించాను.

నేననుకున్నట్టే జరిగింది. మందులాయన దాన్ని తిరగేశాడు, నీళ్లు చల్లాడు, పుల్లతో పొడిచాడు. పర్దా తలుపులు తీయలేదు. ఆయన చేతిలో చిన్న కత్తి ఉంది. లోపల తమ్ముడి డొక్కల చప్పుడు పెద్దదవుతోంది, మధ్యలో ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. "తీస్తలేదు పెద్దమ్మా. ఒక్కసారి సూపెట్టినంక ఇంకోటి ముట్టద్దు" అని ఆయన చేతులు దులుపుకున్నాడు.

నాయినమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు పిలిస్తె వస్తది గదా బిడ్డా," అన్నది. "పిలువు."

పిలవలేనని తల అడ్డంగా ఊపాను. అవ్వ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చి గడపలో నిలబడింది. వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. అవ్వ కళ్లు నా వేళ్ల మీద ఉన్నాయి.

గోటితో నేలమీద మూడుసార్లు తట్టాను. మళ్లీ తట్టి, "పర్దా" అన్నాను. ముందు ముక్కు వచ్చింది. తర్వాత తడిగా, నల్లగా ఆ కన్ను. ఎదురుగా పువ్వు లేదు. అయినా నన్ను చూసి మెడ సాంతం చాచింది.

నేను కళ్లు మూసుకున్నాను.

సాయంత్రం తేనెలో బూడిద నాకించారు. మరునాటికి తగ్గినట్టూ అనిపించింది, తగ్గనట్టూ అనిపించింది. మూడోనాడు వాగు తీసింది. బాపు వచ్చీ రాగానే అవ్వనూ తమ్ముణ్ణీ బండిలో స్టేషనుకు, అక్కడినుంచి రైల్లో పెద్దపల్లికి, బస్సులో కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. పదిహేను రోజులు సూదులు పొడిపించి బతికించుకు తెచ్చాడు. సూదులతో బతికాడని బాపు అంటాడు. బూడిదతో బతికాడని నాయినమ్మ చచ్చేదాకా అన్నది. నన్ను ఎవరూ అడగలేదు.

వాళ్లు కరీంనగర్‌లో ఉన్నప్పుడే ఒక పొద్దున దడి కట్టెలు రెండు పీకి దారి చేశాను. బుక్కెడు దోస తొక్క తినడం అయ్యాక పోయింది. గిర్దావరు ఒక చుట్టు పూర్తి చేసుకుని పోయింది. పేరు కూడా దానితోనే పోయింది. అడవిలో దానికేమైనా అయితే ఎట్లా అని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, తమ్ముడు కాస్త దగ్గినా నాకు ముచ్చెమటలు పట్టేవి.

వాణ్ణి బడిలో వేసేటప్పుడు బాపు అవ్వను అడిగి ఆ పేరునే రాయించాడు. అప్పటికి నాయినమ్మ కూడా అలిసిపోయింది. బడిలో, వీధిలో అందరూ వాణ్ణి ఆ పేరుతోనే పిలిచారు. నేను మాత్రం తమ్మీ అంటాను. ఉత్తరాల్లోనూ అంతే. ఇక్కడ కూడా ఆ పేరు రాయను.

వాడికి పదేళ్లప్పుడు, నేను అత్తగారింటి నుంచి వచ్చినప్పుడు, అర్రలోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. "అక్కా, నన్ను పేరు వెట్టి పిలువు. పిలిస్తెనే బయటికొస్త" అని లోపలి నుంచి నవ్వుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఒళ్లంతా చల్లబడింది. బతిమాలాను, కోప్పడ్డాను, పాలకోవా ఇస్తానన్నాను. పిలవలేదు. చాలాసేపటికి వాడికే విసుగొచ్చింది. గొళ్లెం చప్పుడైంది. తలుపు సందులోంచి తల ఒక్కటే బయట పెట్టి నన్ను చూశాడు.

రెండు చేతులతో వాడి మెడను చుట్టి కప్పేశాను. "అబ్బ, నీ చేతులు సల్లగున్నయే అక్కా" అని వాడు నవ్వుతూనే ఉన్నాడు. నేను చేతులు తీయలేదు.