శ్రీశైలం నవ్వే ఫోటో ఒక్కటి కావాలి

నిన్న పొద్దున ఆరున్నరకి శ్రీశైలం నంబర్ నుంచి ఫోన్. లీవ్ కోసమేమో అనుకుని "ఏరా, మళ్ళీ డుమ్మానా?" అన్నాను.

అటువైపు వాళ్ళావిడ స్వప్న.

"అన్నా, మీ దోస్తు లేడు."

గుండె ఆగిపోయిందట. అల్వాల్‌లో ఇంట్లోనే, బూట్లు వేసుకుంటూ.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న సాయంత్రమే బేగంపేట మెట్రో దగ్గర నా సమోసా సగం లాక్కుని తిన్నాడు.

మూడేళ్ళు ఆఫీసులో పక్క పక్క సీట్లు మావి. పేరుకి నేను వాడి టీమ్ లీడ్‌ని.

ఇలాంటి పోస్ట్‌లో మంచి మాటలే రాయాలి. కానీ నాకు ఒళ్ళు మండిపోతోంది.

వాడు చేరిన కొత్తలోనే మా ఆఫీసు ఒక యాప్ తెచ్చింది. మన సొంత ఫోన్లో అది వేసుకుంటేనే మెయిల్, షిఫ్ట్ టైమింగ్స్ కనిపిస్తాయి. ఆఫీసులో ఉన్నంతసేపూ కెమెరా పనిచేయదు. ఫోటోలు బ్యాకప్ కూడా కానివ్వదు.

అందరం తలూపి వేసుకున్నాం. వాడొక్కడే నెల రోజులు మొండికేశాడు. మీటింగ్‌లోనే మేనేజర్‌ని అడిగేశాడు.

"ఫోన్ నాది సార్, తాళం మీదేంది? రేపు మా ఇంటి బీరువాకు సుత మీరే తాళం ఏస్తరా?"

నేనే పక్కకి తీసుకెళ్ళి "ఎందుకురా గొడవ, వేసేసుకో" అని సర్దిచెప్పాను. నేనే ఇన్‌స్టాల్ చేసిచ్చాను. నా చేతులు పడిపోను.

వాడి పుట్టినరోజుకి సీటు దగ్గర కేక్ కోశాం. పోజులిచ్చి నిలబడితే ఒక్కరి ఫోన్లోనూ కెమెరా తెరుచుకోలేదు. మూతికి క్రీమ్ పెట్టుకుని వాడు పగలబడి నవ్వాడు.

"మంచిగ చూస్కోర్రి, ఫోటో గిట్ల రాదు!"

నిన్న ఎనిమిదింటికి, శ్రీశైలం ఇక లేడని హెచ్.ఆర్.కి నేనే మెయిల్ పెట్టాను.

తొమ్మిదింటికి స్వప్న దండ వేయడానికి వాడి ఫోన్లో ఫోటో వెతుకుతోంది. ఆమె చేతిలోనే ఫోన్ ఆఫ్ అయింది. మళ్ళీ ఆన్ అయ్యి, కొత్త ఫోన్‌లా "భాష ఎంచుకోండి" అంది.

ఆఫీసు వాళ్ళు ఆ యాప్‌తోనే మొత్తం తుడిచేశారు.

ఉద్యోగి వెళ్ళిపోతే ఫోన్ ఖాళీ చేయడం రూలట. చచ్చిపోయినా వెళ్ళిపోయినట్టేనట. ఫోన్ చేసి అరిస్తే "ప్రాసెస్ సార్, ఇంక వెనక్కి రాదు" అన్నారు. అప్పటికి శవం ఇంకా ఇంట్లోనే ఉంది.

మెయిల్ మీది, తీసేసుకోండి. కూతురితో దిగిన సెల్ఫీలు మీ అబ్బ సొమ్మా?

స్వప్న ఫోన్లో వాడు తీసిన ఫోటోలే తప్ప వాడున్నవి లేవు. పెళ్ళి ఆల్బమ్‌లో వాడు ఎవరో బక్కపలచటి కుర్రాడిలా ఉన్నాడు. చివరికి ఆఫీసు ఐడీ కార్డు ఫోటోనే పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించాం. బిగుసుకుపోయిన మొహం, మూలన కంపెనీ గుర్తు. దానికే దండ వేశాం.

వాడి కూతురు చిన్నికి ఏడేళ్ళు. ఫ్రేమ్ ముందు చాలాసేపు నిలబడింది.

"గీయన మా డాడీ కాదు. మా డాడీ నవ్వుతడు."

స్వప్నా, ఆ మెయిల్ పెట్టింది నేనేనని నీకు చెప్పే ధైర్యం రాలేదు. ఇది చదివి తెలుసుకుంటావు. క్షమించమ్మా.

ఏ పెళ్ళిలోనో, ఏ క్రికెట్ మ్యాచ్‌లోనో వాడితో ఫోటో దిగినవాళ్ళు ఉంటే పంపండి. మసకగా ఉన్నా, సగమే పడినా పర్లేదు. నవ్వుతుంటే చాలు. చిన్నికి చూపించాలి.

శ్రీశైలం, నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదురా. అక్కడైనా నిన్నెవరూ సతాయించకుండా, ప్రశాంతంగా ఉండు.