సార్ పెట్టిన నాలుగు టిక్కులు

మా కంప్యూటర్ సార్ పోయారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను చిత్తూరులో, పనిచేసే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతున్నాను. "కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నోడు మళ్ళా లేయలేదంటమ్మా" అంది. బాధకన్నా ముందు నాకు వచ్చిన ఆలోచన వేరు. అయితే ఆయన దగ్గర ఉండిపోయిన నా డిస్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో! రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ దీన్ని దాచి ఆయన గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయన తిరుపతిలో మా కాన్వెంటులో పాఠం చెప్పేవారు. బడిలో ఉన్నవి కొత్త కంప్యూటర్లే గానీ ఆయన ప్రాణమంతా ఇంట్లో ఉన్న పాతదాని మీదే. అది లావుపాటి కీబోర్డులా ఉండేది. కంప్యూటరంతా అందులోనే. తెర బదులు ఒక పాత టీవీ. పక్కన చెప్పుల పెట్టెంత ఫ్లాపీ డ్రైవు, దానికి వేరే కరెంటు తీగ, ముందువైపు ఒక మీట, ఒక ఎర్ర దీపం. అరచేతికన్నా పెద్దగా, పల్చగా ఉండే డిస్కును అందులోకి తోసి మీట తిప్పితే, లోపల ఎవరో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు చప్పుడయ్యేది. రెండు పేజీలు తెరమీదికి రావడానికి ఒక టీ తాగేంత సేపు పట్టేది.

తొమ్మిదో తరగతిలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. భోజనాల గంటలో లైబ్రరీలో దాక్కునేదాన్ని. సార్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "మనుషులతో మాట్లాడకపోతే మాన్లే పాపా. యంత్రంతో అయినా మాట్లాడతావా?" అన్నారు. అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

ఆయనంత అనుమానం మనిషిని నేను చూడలేదు. మొదటి అనుమానం కరెంటు మీద. ముందు డ్రైవు వెయ్యాలి, తర్వాత కంప్యూటరు, ఆ తర్వాతే డిస్కు. ఆపేటప్పుడు ముందు డిస్కు బయటికి రావాలి. ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. రెండో అనుమానం అయస్కాంతాల మీద. నా పెన్సిల్ డబ్బా మూతకు చిన్న అయస్కాంతం ఉందని దాన్ని గడప బయట, చెప్పుల పక్కన పెట్టించేవారు. శ్రీహరికోటలో రాకెట్టు లేచే రోజు డ్రైవు ముట్టుకునేవారే కాదు.

"రాకెట్టు యాడో లేస్తే ఈడ నీ డిస్కు అదురుతాదా?" అని సార్ భార్య, మా ఆంటీ, ఎకసెక్కెం చేసేది.

"అదరదని నువ్వు రాసిస్తావా?" అనేవారు సార్.

"రాసిస్తా, పెన్ను ఇయ్యి. ఆ పెన్నులో ఏం అయస్కాంతం ఉండాదో ముందు చూసుకో!"

డిస్కు తిరిగిన ప్రతిసారీ కాస్త అరుగుతుందని ఆయన లెక్క. అందుకని డ్రైవులో పెట్టే ముందు దాని కాగితపు తొడుగు మీద పెన్సిలుతో ఒక టిక్కు పెట్టి, కింద తేదీ వెయ్యాలి. ఎవరైనా సరే. ఆయన కూడా. ఒకసారి టిక్కు పెట్టడం మరచి డిస్కు తోసేసి, తప్పు చేసిన పిల్లాడిలా వెంటనే బయటికి లాగి, టిక్కు పెట్టి, మళ్ళీ పెట్టేటప్పుడు ఇంకొకటి పెట్టారు. ఆయన టిక్కుకు తోక పొడుగు. నావి చీమల్లా ఉండేవి.

కాపీ తీయడం కూడా నేర్పారు. డ్రైవు ఒక్కటే. యంత్రానికి జ్ఞాపకం తక్కువ. అది పాత డిస్కులోంచి ఒక ముద్ద తీసుకుని, కొత్త డిస్కు పెట్టమని అడుగుతుంది. అందులో దింపి, మళ్ళీ పాతది అడుగుతుంది. నాలుగు ముద్దల్లో ఒక డిస్కు పూర్తవుతుంది. ఏం తిన్నదో తెర మీద చూపించదు. ఆ పని చేస్తూ ఆయన అన్న మాట నాకు గుర్తుంది: "ఒకే తాళంచెవి ఉన్నోడు ఏదో ఒక పొద్దు అరుగు మీద పండుకుంటాడు పాపా."

నాకంటూ ఒక డిస్కు ఇచ్చారు. ఆ యంత్రానికి తెలుగు రాదు. నా తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేదాన్ని. ఎవరికీ చెప్పనివన్నీ అందులో పెట్టాను. 'లెక్కల పుస్తకం మూసినప్పుడే నేను తెరుచుకుంటాను' అని ఒక వాక్యం రాసి, చాలా గొప్పగా ఉందనుకున్నాను.

పదో తరగతి అయిపోయిన వేసవిలో, అన్నం తింటుండగా మా నాయన అన్నాడు: "లెక్కల పుస్తకం మూస్తేగానీ నువ్వు తెరుచుకోవంటనే? మూసేస్తే రేపు కూడు యాడ నుంచి వస్తాది?" మరుసటి వారం ఎంపీసీలో చేర్పించాడు.

ఆ వాక్యం డిస్కులోది. డిస్కు సార్ ఇంట్లో ఉంది. ఇంకెవరిని అనుమానించాలి? నేను ఎవరినీ అడగలేదు, పోట్లాడలేదు. శనివారాలు వెళ్ళడం మానేశాను.

రెండేళ్ళ కిందట రైతుబజారులో ఎదురుపడ్డారు. చేతిలో తోటకూర కట్ట. "నీ డిస్కు భద్రంగా ఉండాది పాపా" అన్నారు. పని ఉందని చెప్పి కదలబోయాను. ఆయన నవ్వారు.

"నా మీద అనుమానం గదా? అనుమానం తప్పుగాదు. వచ్చి చూసుకోకుండా పెట్టుకునేదే తప్పు."

నేను తల దించుకుని వచ్చేశాను. అదే ఆఖరి మాట.

పన్నెండో రోజు దాటాక తిరుపతి వెళ్ళాను. ఆంటీ బీరువా పైనుంచి బిస్కెట్ల డబ్బా దించింది. "ఇది నీకు తప్ప ఎవురికీ ఇయ్యొద్దన్నాడు. నన్నూ తెరవనియ్యలేదు. పెండ్లాన్ని కూడా నమ్మనోడు!" అని కళ్ళు తుడుచుకుంది.

లోపల నా డిస్కు ఉంది. తొడుగు మీద నా చీమలు వరసగా ఉన్నాయి. వాటి కింద పొడుగు తోకల టిక్కులు. నాలుగు. తేదీ, నేను మానేసిన నెలలోది.

నాలుగుసార్లు చదివాడన్న మాట! ఎనిమిదేళ్ళ కోపం ఒక్కసారిగా పైకి లేచింది. డిస్కును తిరిగి డబ్బాలోకి విసిరేయబోయాను. అడుగున ఇంకో తొడుగు కనిపించింది. దాని మీద 'రెండోది' అని ఆయన రాత. అదే తేదీ. నాలుగు టిక్కులు.

నాలుగు ముద్దలు, ముద్దకొక టిక్కు. ఆయన చదవలేదు, కాపీ తీశారు. నేను ఇక రానని తెలిశాక తీశారు. తీసి, రెండు డిస్కులకూ అంచున ఉండే గాటు మీద నల్ల టేపు అంటించారు. అలా అంటిస్తే మళ్ళీ ఎవరూ దాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చలేరు.

ఇంటికి వెళ్ళి నాయనను అడిగాను. "ఆ లెక్కల పుస్తకం మాట నీకు సార్ చెప్పినాడా?"

"ఏ సారు? ఆయప్ప నాతో మాట్లాడిందే రెండు మాట్లు. నీ రఫ్ బుక్కు కడాపేజీలో రాసుంటివి గదా. పాత పేపర్లాయనకు ఏస్తా చూసినాను."

"ఇన్నేళ్ళు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే గదా" అని నాయన పేపరు తిప్పుకున్నాడు.

ఏది కొట్టాలన్నా ముందు రఫ్ బుక్కులో తెలుగులో రాసుకోవడం నా అలవాటే. డ్రైవును అనుమానించాను, సార్‌ను అనుమానించాను. పుస్తకాన్ని అనుమానించాలని మాత్రం తోచలేదు.

మరునాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడైనా చూసుకోవాలి. చేతిసంచిలో పెన్సిల్ డబ్బా లేకపోయినా, సంచికి అయస్కాంతపు బొత్తాం ఉందని దాన్ని గడప బయటే వదిలాను. ఆంటీ టీవీ మీది గుడ్డ తీసింది. ముందు డ్రైవు వేశాను, తర్వాత కంప్యూటరు. 'రెండోది' చేతిలోకి తీసుకుని, తొడుగు మీద ఆయన నాలుగు టిక్కుల పక్కన నాది ఒకటి పెట్టి తేదీ వేశాను. డిస్కు తోసి మీట తిప్పాను.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. టీవీ తెర ఖాళీగా ఉంది.

"వచ్చిందా పాపా?" అంది ఆంటీ.

"ఇంకా లేదు ఆంటీ."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. ఎర్ర దీపం వెలుగుతోంది. ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకున్నాం.