కల్లు బందైన వారం

అయినా తాగడం మంచిదని నేనెప్పుడన్నాను? వణుకుతున్న మనిషిని చూసి నవ్వొద్దన్నాను, అంతే. ఎవరో తాగుబోతు చేతులు వణుకుతుంటే తీసిన వీడియోను స్నేహితులు గ్రూపులో పెట్టి నవ్వారు. పొద్దున గంటసేపు వాళ్లతో ఫోన్లో కొట్లాడాను. ఆ కోపంతోనే ఆటో ఎక్కితే పక్కన కూర్చున్న పెద్దాయన దగ్గర పులిసిన కల్లు వాసన వచ్చింది. ఒక్కసారిగా జుబేదా అక్క గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. హైదరాబాద్‌లో మా కాలేజీ మూతపడింది. పాలకుర్తి అవతల ఒక ఊళ్లో విషజ్వరాలు వస్తుంటే, ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకునే తాత్కాలిక పనిలో చేరాను. ఆ ఊరి నర్సు జుబేదా అక్క. ఏ ఇంటికెళ్లినా రోగి మంచం మీదే ఓ మూల కూర్చునేది. నేను గడప దగ్గరే నిలబడి ఫోన్లో రాసుకునేదాన్ని. "ఫోన్ల కనవడ్తదా బిడ్డా జ్వరం? జర మొకం జూడు" అనేది.

ఆమె మీటింగుకని జనగామ వెళ్లిన రోజు నేను పంచాయతీలో నోరు పారేసుకున్నాను. జనమంతా కల్లు దుకాణం దగ్గర గుంపులుగా పడి ఉంటే జ్వరాలెలా తగ్గుతాయి, ముందు దాన్ని మూసేయండి అన్నాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి దుకాణానికి తాళం పడింది. మర్నాడు అక్క వచ్చి ఒక్కటే అడిగింది.

"తాగేటోళ్లను అడిగినవా?"

"వాళ్లనేం అడుగుతాం అక్కా?"

ఆమె మందుల సంచి భుజాన వేసుకుని ఇళ్ల వైపు నడిచింది.

తాళం పడిన నాలుగో రోజు కూలిపని చేసే ఐలయ్య ఇంటికి వెళ్లాను. మనిషి చెమటతో తడిసిపోయి, మంచం మీద కూర్చుని గాలిలో పత్తి ఏరుతున్నాడు. ఒక్కో పింజా తీసి ఒడిలో వేసుకుంటున్నాడు. జ్వరం తలకెక్కిందని ఇరుగుపొరుగు అన్నారు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. నేను విషజ్వరమని రాసి, జ్వరం మాత్ర ఇచ్చాను. వెనకాలే వచ్చిన అక్క ఆయన చెయ్యి పట్టుకుని, భార్య లచ్చమ్మను అడిగింది.

"నిద్రవోయి ఎన్ని దినాలాయె?"

"కల్లు బందైన కాడికెల్లి కన్ను మూయలే నర్సమ్మా."

"గిది జ్వరం గాదు. మన కాడ కల్లుల మత్తుమందు కలుపుతరు. ఏండ్ల సంది తాగినోడు ఒక్కపారి ఆపితే గిట్లనే అయితది. దవాఖానకు పోకుంటే పానం మీదికొస్తది."

నా చేతిలో ఫోన్ బరువైంది. తాళం వేయించింది నేను.

ఆటోలో జనగామ బయలుదేరితే దారిలో రాస్తారోకో. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి పెట్టి అన్నం వండుతున్నారు. కల్లు ఆగి మనిషి పోయేలా ఉన్నాడు, దారివ్వండని నేను దిగి అరిచాను. వీడియో తీస్తానని ఫోన్ ఎత్తాను. గరిటె పట్టుకున్న ఒకాయన మండిపడ్డాడు.

"తెలంగాణ కంటె నీ తాగుబోతు ఎక్కువనా?"

అక్క నన్ను పక్కకు జరిపి అంది.

"తెలంగాణ వస్తది తమ్మీ. వచ్చిననాడు గీ ఐలయ్య గూడ ఉండాలె గద."

అతను ఆటోలోకి తొంగిచూశాడు. ఐలయ్య ఇంకా పత్తి ఏరుతూనే ఉన్నాడు. అతను భుజం మీది తువ్వాల తీసి, ఉడుకుతున్న అన్నం గుండిగను దించాడు. మిగిలినవాళ్లు రాళ్లు జరిపారు.

దవాఖాన మెట్ల దగ్గరే ఐలయ్యకు ఫిట్స్ వచ్చాయి. ఇంకో అరగంట ఆలస్యమైతే బతికించలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఐలయ్య గురక పెట్టి నిద్రపోతుంటే, లచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"కల్లు బందువెట్టుమని ఎవ్వలు జెప్పిన్రు నర్సమ్మా?"

అక్క తడుముకోలేదు.

"మేమే జెప్పినం. తాగేటోళ్లను అడగకుంట జెప్పినం. తప్పు మాదే."

నిజానికి అందులో ఆమె తప్పు ఇసుమంత కూడా లేదు. ఊరికి తిరిగొచ్చాక నన్ను వెంటబెట్టుకుని తాగేవాళ్ల ఇల్లిల్లూ తిరిగింది. నా చేతే అడిగించింది: నిద్ర పడుతోందా, చేతులు వణుకుతున్నాయా, భయమేస్తోందా. అలా ఇంకో ఇద్దరిని సమయానికి దవాఖానకు పంపగలిగాం.

నా కోపం ఇప్పటికీ పోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్లు తప్పు చేసిన రోజున, వేలు చూపబోయే ముందు 'మేమే' అన్న ఆ మాట నోటికి అడ్డం వస్తుంది. నాతో పనిచేసిన పెద్ద పెద్ద చదువుల అధికారుల్లో ఒక్కరి నోటా ఆ మాట వినలేదు. మీరు విన్నారా?