చివరింటి నిప్పు

నా చిన్నప్పుడు, చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా ఊళ్లో అగ్గిపుల్ల గీయడం దుబారా కింద లెక్క. తెల్లవారగానే ఎవరి పొయ్యి ముందు రాజుకుంటే వాళ్లింటికి పిడక పట్టుకెళ్లి, దాని మీద నాలుగు నిప్పులు వేయించుకొని వచ్చేవాళ్లం.

ఒక వేసవిలో ఒక పెద్దరైతు గడ్డివామి తగలబడింది. పక్కగోడ మీద బొగ్గుతో 'ఇంకా ఉంది' అని రాసి ఉంది. రాసిందెవరో తెలియదు. కూలి తగాదా అన్నారు, గట్టు తగాదా అన్నారు. ఇంకో వామి కాలలేదు గానీ, ఊరికి కంటిమీద కునుకు పోయింది. ఒకరికొకరు నిప్పు ఇచ్చుకోవడం మానేశారు. అనుమానం చివరింటి అక్క మీదికి పోయింది. ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి. ఆమె మొగుడు అంతకు వారం ముందు కూలి పెంచమని ఆ రైతును నిలదీశాడు. సాక్ష్యం అంతే! అమావాస్యలోగా ఊరు వదలమన్నారు.

ఒక పొద్దున మా జేజి, అంటే నాయనమ్మ, నా చేతికి పిడక ఇచ్చింది.

"చివరింటికి పోయి నిప్పు తీసుకోని రా మే."

"నాకు భయం జేజీ."

"భయమైతే మెల్లిగా పో."

అక్క ఏమీ అడగకుండా నిప్పులు వేసింది. తిరిగొచ్చేటప్పుడు సముద్రపు గాలి లేచింది. దారికి రెండువైపులా వాములే. ఒక్క రవ్వ ఎగిరినా నేరం ఆ అక్క నెత్తిన పడుతుంది. నిప్పుకు అరచెయ్యి అడ్డం పెట్టుకొని, అడుగులో అడుగు వేస్తూ వచ్చాను. మా గుమ్మంలో చిన్నాయన కేకలేశాడు.

"ఆ కొంప నిప్పు మనింట్లోకా? నీకేమన్నా మతి పోయిందా అమ్మా?"

"వామి కాల్చినోడికి ఒక్క అగ్గిపుల్లే రా ఖర్చు. మిగతా పనంతా మీరే ఊరికే చేసి పెడతా ఉండారు."

కాసేపటికి పక్కింటి పిన్నమ్మ పైట కింద పిడక దాచుకొని వచ్చింది. ఇది చివరింటి నిప్పే, కావాలా అని జేజి అడిగింది. పిన్నమ్మ వీధికి అటూ ఇటూ చూసింది. తర్వాత పిడక ముందుకు చాపింది.

అమావాస్య వచ్చింది, పోయింది. అక్క ఊళ్లోనే ఉంది. వామి కాల్చిందెవరో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ఎక్కడ బాంబు పేలినా మా ఇంట్లో 'ఆ జనమే' అని మొదలుపెడతారు. నేను ఊరుకోను, నాకు నోరు పెద్దదన్న పేరు ఎటూ ఉంది. చంపినవాణ్ణి పట్టుకోవాలి, శిక్షించాలి, అక్కడ నాకు వాదం లేదు. కానీ వాడు చంపేది నలుగురిని. వాడికి కావలసింది మాత్రం, మిగిలిన మనం ఒకరి గడప ఒకరు తొక్కకపోవడం. అందుకే ఊరంతా వేలు చూపే ఇంటికి పనిగట్టుకొని పోతుంటాను. అలాగని నాకు భయం లేదనుకోకండి. ఉంది. మెల్లిగా పోతాను.