రెండు బిళ్ళల సైకిల్

ఒరేయ్, మన బడి బ్యాచ్ అంతా వినండి! ఇవాళ పొన్నూరులో పాత ఇనుము కొట్టు ముందు మా నాన్న సైకిల్ దొరికింది!

గుర్తుందా, హ్యాండిల్ కింద ఇత్తడి బిళ్ళ చూసి "ఇంగ్లండు సైకిల్ రా!" అని ఎగబడేవాళ్ళం? ఆ పాతది అరిగిపోయి బడిపంతులైన నాన్న కొత్తది కొనబోతే, దాని బిళ్ళ మీద వేరే పేరుంది. "ఇది మన కంపెనీ కాదండీ, నాకొద్దు" అన్నాడు.

షాపు మస్తాన్ గారు నవ్వారు. "ఇంగ్లండులో కంపెనీ చేతులు మారి పేరు మార్చారు మాస్టారూ, సైకిల్ అదే. బాప్తిస్మంలో మీ పేరూ మార్చారుగా, మీరేమన్నా మారారా?"

నాన్న పగలబడి నవ్వి, కొనేశాడు. పాత సైకిల్ బిళ్ళ ఊడదీసి కొత్త బిళ్ళ కింద బిగించుకున్నాడు.

ఇవాళ చిలుము రుద్దితే బిళ్ళలు రెండూ మెరిశాయి. "ఎవరిదండీ ఇది?" అన్నాడు కొట్టతను.

నాన్న పేర్లు రెండూ చెప్పాను.