డాబా మీద ఆరువందల వోల్టులు

ఈ రోజు మధ్యాహ్నం మా ఆయన నా ప్రాణం తోడేశారు. ఇనుప గనుల కిరండూల్ రైలు లైన్లో ముప్పై ఏళ్లు రైలు కరెంటు తీగలు బాగుచేసి రిటైరైన మనిషి. ఊరి పక్క గని నుంచి వచ్చి పడే దుమ్ము కడగడానికి డాబా ఎక్కి, సోలార్ పలకల మధ్య ఒక జాయింటు నల్లబడిందని, ఊడదీసి చూస్తానన్నారు. ముందుగా కిందకొచ్చి మెయిన్ ఆపి, డ్యూటీ అలవాటు కొద్దీ "పని జరుగుతోంది, ముట్టుకోవద్దు" అన్న పాత హిందీ బోర్డు దానికి తగిలించి, మళ్లీ నిచ్చెనెక్కారు.

ఆ బోర్డు చూసి నవ్వుకుంటూ పక్కనున్న ఇన్వర్టర్ వైపు చూశాను. పలకల నుంచి ఆరువందల వోల్టులు చూపిస్తూనే ఉంది. గరిటెతోనే పెరట్లోకి పరుగెత్తాను.

"ఆ వైరు ముట్టుకోకండి, అందులో కరెంటుంది."

"మెయిన్ ఆపీసినాను గదే. ఇంకెక్కణ్నుంచి వస్తాది?"

"మీరాపింది వీధిలోంచొచ్చే కరెంటు. నెత్తి మీద ఎండ ఎవులాపినారు?"

ఆయన ఒకసారి పైకి చూసి, చేతులు వెనక్కి తీసుకుని, దిగొచ్చారు. పలకలు బిగించినతన్ని రేపు రమ్మన్నాం.

సాయంత్రం చూస్తే ఆ బోర్డు మెయిన్ మీంచి తీసి, ఆయనే నిచ్చెనకి వేలాడదీశారు. మీ ఇంట్లోనూ ఇలాంటి అనుభవజ్ఞులుంటే చెప్పండి, మా దగ్గర ఇంకో బోర్డుంది.